రాతకోతలతో రద్దు కాని మనోవర్తి

కాపురం చెడితే నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో చాలాచోట్ల ముందు కూర్చునేది పెద్దమనుషుల పంచాయితీ. ఇంత ఇచ్చి వదిలించుకోమని భర్తకు చెబుతారు, ఇంతతో సరిపెట్టుకోమని భార్యకు చెబుతారు. పెళ్లినాటి బంగారం, సామాన్లు తిరిగిస్తారు. తర్వాత స్టాంపు కాగితం మీద రాత: ఇకపై ఒకరిపై ఒకరికి ఏ హక్కూ లేదు, మనోవర్తి కోసం ఆమె ఏ కోర్టుకూ పోదు. కింద సంతకం, చదువు రానిదైతే వేలిముద్ర. ఇది అన్యాయం. రాయించుకున్న భర్తతో పాటు పంచాయితీ చేసిన పెద్దలు, ముద్ర వేసిన నోటరీ కూడా ఇందులో బాధ్యులే.

ఆ షరతు కోర్టులో నిలవదు. ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. కర్ణాటకలో ఒక భార్య 8 వేల రూపాయలు ఒకేసారి పుచ్చుకుని, ఇక అడగనని రాజీపడింది. అది కోర్టు ముందు జరిగిన రాజీ. అయినా హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద ఆమె మళ్లీ అడగవచ్చని 2013లో నాగేంద్రప్ప నాటికర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టు రాజీకే ఆ గతి పడితే అరుగు మీద రాసిన కాగితం ఏపాటిది? పైగా హిందువులకు ఆచారం ఒప్పుకునే కులాల్లో తప్ప ఇలాంటి పత్రంతో విడాకులే రావు. ఆమె ఇంకా భార్యే.

మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన ఫజ్లున్బీ కేసు ఇంకా చేదు. భార్యకు నెలకు 250 రూపాయలు ఇవ్వాలని మేజిస్ట్రేటు ఆదేశిస్తే, బ్యాంకు ఉద్యోగి అయిన భర్త తలాక్ చెప్పి 500 రూపాయల మెహర్ (పెళ్లిలో భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము), 750 రూపాయల ఇద్దత్ (తలాక్ తర్వాతి గడువు కాలం) ఖర్చు చెల్లించి బాధ్యత తీరిపోయిందన్నాడు. కింది కోర్టులు, హైకోర్టు ఒప్పుకున్నాయి. ఆ మెహర్ రెండు నెలల మనోవర్తికి సమానం! 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులను కొట్టేశారు. విడాకులు పొందిన ముస్లిం మహిళకు మనోవర్తి హక్కు ఉందని తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో 2024 జులైలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

విడాకులయ్యాక తెలిసి, ఇష్టపడి వదులుకుంటే ఆ మాట వేరు, చట్టమే అందుకు చోటిచ్చింది. అంతకుముందే, పుట్టింటివారి అప్పుల నడుమ, పిల్లను ఒళ్లో పెట్టుకుని వేసిన వేలిముద్ర ఇష్టం ఎలా అవుతుంది?

ఈ పత్రాల్లో అసలు విషం మరో వాక్యంలో ఉంది: ‘ఇద్దరి సమ్మతితో విడిగా ఉంటున్నాం’. అలా విడిగా ఉంటున్న భార్యకు మనోవర్తి లేదని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షనే అంటోంది. తరిమేసిన ఇల్లాలి చేత ఆ వాక్యం రాయించుకుని, రేపు కోర్టులో దాన్నే చూపిస్తారు. పేరుకు చెల్లని కాగితం ఆమెను ఏళ్లతరబడి కోర్టు మెట్లు ఎక్కకుండా ఆపుతోంది.

పెళ్లి, విడాకుల పత్రాలు చేయొద్దని 2024లోనే కేంద్రం నోటరీలకు చెప్పింది. చేసినవారి లైసెన్సులపై చర్య తీసుకోవాలి. స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలన్నది 1987 నాటి న్యాయసేవల చట్టం. పుట్టింట్లో ఉంటే అక్కడి కోర్టులోనే అర్జీ వేసుకోవచ్చు. ఈ రెండు సంగతులూ సంతకానికి ముందే ఆమెకు తెలిసేలా న్యాయసేవల సంస్థ మనుషులు ఊళ్లలోకి రావాలి.