గొంతునొప్పే గదా!

కొండనాలుకకు మందువేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. గొంతుకు మందు వేయకపోతే గుండె చెడవచ్చునన్న సంగతిని మాత్రం మన పెద్దలు సామెతగా కట్టిపోలేదు. తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి ఈ వైద్యం గొడవ ఎందుకంటారా? ఒక కుర్రవాడు నేర్పాడు.

మదనపల్లెలో నా క్లాసుకు పుంగనూరు నుంచి బస్సులో వచ్చే విద్యార్థి ఒకడున్నాడు. మూడు వారాలకొకసారి తప్పకుండా ఎగనామం. ఒకనాడు అందరి ముందూ, "ఏం నాయనా, మూడు వారాలకొకసారి మీ ఊళ్లో తిరునాళ్లా?" అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడు నవ్వలేదు. గంట కొట్టాక వరండాలో నిలబడి, "సూది వేయించుకునే రోజు సార్" అన్నాడు.

పదేళ్లప్పుడు వాడికి గొంతునొప్పి, జ్వరం వచ్చాయట. వాళ్లమ్మ గొంతుకు సున్నం రాసి మిరియాల కషాయం పోసింది. తగ్గింది. మూడు వారాలకు మోకాలు వాచింది. అది తగ్గి మోచేయి వాచింది. ఎదిగే పిల్లల నొప్పులన్నారు. అవీ పోయాయి. రెండేళ్లకు మెట్లెక్కితే ఆయాసం. గుండె కవాటం దెబ్బతిన్నదని అప్పుడు తెలిసింది.

"ఎన్నాళ్లు వేయించుకోవాలి?"

"నలభై ఏళ్లు వచ్చేదాకా సార్."

అంటే, ఇంచుమించు నా వయసు వచ్చేదాకా!

తరువాత డాక్టరు మిత్రుణ్ణి అడిగి తెలుసుకున్నాను. గొంతునొప్పుల్లో చాలా భాగం వైరస్‌ల వల్ల వస్తాయి. జలుబుతో, దగ్గుతో వచ్చి వాటంతటవే పోతాయి. వాటికి పెన్సిలిన్ దండగ. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి తెచ్చేది వేరు. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు, ఇరుకు ఇళ్లలో, కిక్కిరిసిన బడుల్లో తుంపరల ద్వారా అంటుకుంటుంది. జలుబూ దగ్గూ లేకుండా హఠాత్తుగా జ్వరం, మింగితే నొప్పి, టాన్సిళ్ల మీద తెల్లని చీము, మెడలో బిళ్లలు — ఇవీ గుర్తులు. దాన్ని ఎదిరించడానికి లేచిన శరీర బలగమే, కొందరిలో శత్రువెవరో పోల్చుకోలేక సొంత కీళ్ల మీదా గుండె మీదా పడుతుంది. కీళ్లను నాకి వదిలేస్తుంది, గుండెను కరుస్తుందని వైద్యుల నానుడి. కొందరికి మూత్రపిండాలు వాచి, ముఖం ఉబ్బి, మూత్రం ఎర్రబడుతుంది.

1928లో ఫ్లెమింగ్ కనిపెట్టిన పెన్సిలిన్‌కు ఈ జీవి నేటికీ లొంగుతూనే ఉంది. 9 రోజుల లోపల మొదలుపెట్టినా గుండెకు రక్షణే. అయినా ప్రపంచంలో 4 కోట్లమందికి పైగా ఈ గుండెజబ్బుతో ఉన్నారు. దీన్ని అరికట్టాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది కూడా.

1915లో ఆరోగ్యవరం క్షయ శానిటోరియం వెలిసింది మా మదనపల్లె పక్కనే. దగ్గంటే భయపడటం తెలిసినవాళ్లం. గొంతునొప్పి అంటేనే అలుసు.

మొన్న కుప్పం నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. "పిల్లాడికి గొంతునొప్పే గదన్నా, కషాయం పోశాను" అంది. "జలుబుందా?" అన్నాను. లేదంది. ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరకు పంపాను. ఆయన చూసి పదిరోజులకు మాత్రలు రాశాడు. మూడోనాటికే పిల్లవాడు వీధిలో ఆటకు పరుగెత్తాడు. "ఇంకా మాత్రలెందుకన్నా?" అంది చెల్లెలు. పదిరోజులూ, రాత్రి పూట ఫోన్ చేసి లెక్క అడిగాను. విసుక్కుంది, విసుక్కోనీ.

పుంగనూరు కుర్రవాడు సూది రోజున ఇప్పటికీ రాడు. మరునాడు స్టాఫు రూములో కూర్చోబెట్టి, వాడొక్కడికే ఆ పద్యం మళ్లీ చెబుతాను.