శివారు మైదానములు

2021 డిసెంబరు 26న బెంగాలులో ఆరంభమైన ఐ-లీగ్ ఫుట్‌బాల్ పోటీలు, ఎంత కట్టుదిట్టము చేసినను ఆటగాళ్ళను బయటివారికి దూరముగ ఉంచు బయో బబుల్ లోపలికి కరోనా చొరబడినదను కారణమున, నాలుగవ నాటికే నిలిచిపోయినవి. ఆ యేట తొలిసారిగా ఆ లీగులో కాలు మోపిన శ్రీనిధి దక్కన్ క్లబ్బు మన తెలుగువారిది. 2020 ఆగస్టులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య దానికి ప్రవేశము నిచ్చినది విశాఖపట్నము పేరుమీదనే. తొలి ఆట ముగిసి ఊపిరి తీసికొనకమునుపే ఆ జట్టు ఆట మానుకొని, రెండు నెలలకు పైగా నిరీక్షించి, 2022 మార్చి 3న లీగు పునఃప్రారంభమైన పిమ్మట మరల మైదానమున కడుగిడి, కడకు మూడవ స్థానమున నిలిచినది. దేశమున రెండవ అంతస్తు లీగులో తొలియేటనే ఇట్టి ఫలితము సాధించిన జట్టును గూర్చి మన ఉత్తరాంధ్రలో నలుగురు మాటలాడుకొనగా నేను వినలేదు. ఆడినది దూరమున, అందును విపత్కాలమున, పైగా క్లబ్బు పిదప హైదరాబాదునే తన నెలవుగా చేసికొన్నది.

ఈ సంగతిని మా మన్యపు ఊరు పాచిపెంటనుండి వ్రాయుటకు కారణము కలదు. మహమ్మారి నాడు ఆటలు ఏ వరుసలో ఆగినవో, ఏ వరుసలో మరల మొదలైనవో పరిశీలించినచో, మన సమాజము ఎవరి ఆటను ఆటగా లెక్కించుచున్నదో విశదమగును.

స్కాట్లండు దేశమును చూడుడు. 2021 జనవరి 11న అక్కడి ఫుట్‌బాల్ సంఘము, పై రెండు శ్రేణులను ఆడనిచ్చి, వాటికి దిగువనున్న ఆటనంతటిని ఆపివేసినది. దిగువ లీగుల ఆటగాళ్ళలో అధికభాగము పగలెల్ల ఏదో యొక ఉద్యోగము చేసికొని, సాయంకాలము సాధనకు వచ్చువారు; వారి క్లబ్బులకు టెలివిజను సొమ్ము స్వల్పము, ప్రేక్షకుడు గేటు దగ్గర కొను టిక్కెట్టే ఆధారము. ఆటగాళ్ళకు వ్యాధి పరీక్షలు జరపవలెనను నియమముతో మార్చి నెలలో లీగ్ వన్, లీగ్ టూ మరల మొదలైనవి. ఇరువదియేడు ఆటల సీజనును ఇరువదిరెంటికి కుదించి, పదేసి జట్లు గల ఒక్కొక్క లీగును పై అయిదు, క్రింది అయిదుగా చీల్చి ముగించిరి. ఉత్తర ప్రాంతపు తూర్పు సముద్రతీరమున వెయ్యి చిల్లర జనాభా గల బ్రోరా అను ఊరు ఉన్నది. మా పాచిపెంటకంటె చిన్నది. ఆ ఊరి జట్టు ఆడు హైలాండ్ లీగ్ ఆ యేట మూడు ఆటలకంటె సాగలేదు. అట్టి జట్టు, నెలల తరబడి పోటీ ఆటకు దూరమై యుండియు, మార్చి 23న స్కాటిష్ కప్పులో ఎడిన్‌బరో నగరపు పేరుమోసిన హార్ట్స్ జట్టును 2-1 తేడాతో ఓడించినది. తమ ఊరి మైదానమున తమ పిల్లలు సాధించిన ఆ విజయమును ఊరివారు గట్టుమీద నిలిచి చూచుటకు నోచుకొనలేదు. ఆ వార్త చదివినప్పుడు నాకు కలిగిన సంతోషమంతటి దుఃఖమును కలిగినది.

మన దేశమునను క్రమము అదియే. 2020 నవంబరు 20న ఇండియన్ సూపర్ లీగ్ గోవాలో మూడు స్టేడియములలో మొదలైనది. హైదరాబాదు జట్టు రెండు సీజన్లు అక్కడనే ఆడి, 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో జయించి విజేత యైనది. ఆ రెండేండ్లును గచ్చిబౌలి స్టేడియము తన జట్టు ఆడిన ఒక్క ఆటనైనను చూడలేదు. ఐ-లీగ్ 2021 జనవరిలో, పదునొకండు జట్లతో, ఒక్క కలకత్తా పరిసరములలోనే కుదించిన సీజనుగా జరిగినది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో 1951లోను 1962లోను ఏషియా క్రీడలలో స్వర్ణము గెలిచి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానము పొందిన భారత జట్లకు ఆటగాళ్ళను సమకూర్చిన హైదరాబాదుకే సొంత మైదానమున ఆట చూచు భాగ్యము తప్పినదనిన, ఇక కొండ ఊళ్ళ మాట చెప్పవలెనా? ఆయకట్టు కాలువలో నీరు తల పొలములు తడిసిన పిదపగాని శివారు మడికి రానట్లు, ఆటకు అనుమతియు పైనుండి క్రిందికి దిగుచు, కడపటివారికి చేరులోపల ఇంకిపోయినది.

మా ప్రాంతమున వాలీబాల్, కబడ్డీ, క్రికెట్ ఎక్కువ. బంతి దొరికినచోట ఫుట్‌బాల్. వరి కోసిన మడిలో మోళ్ళు ఎండి కాళ్ళకు గుచ్చుకొనుచుండగా, వెదురు బొంగులు రెండు పాతి, చెప్పులు లేని కాళ్ళతో పిల్లలు ఆడుదురు. పొలము వాలుగా నుండుటచే దిగువ గోలు వెనుక ఎల్లప్పుడును ఒక చిన్నవాడు నిలువవలెను. బంతి గెడ్డ (వాగు)లో పడకుండ ఆపుటయే వాని పని, ఆ పనిలో ఆరితేరినవాడే మరునాటి గోల్‌కీపరు. గులకరాళ్ళమీద బంతి కుట్టు విడును. సైకిలు షాపులో అతుకు వేయించి మరల ఆడుదురు. సరియైన గోలు స్తంభములు, ఈల వేసి తప్పు పట్టు ఉపాధ్యాయుడు, పొరుగు జట్టుతో పోటీ, ఇవన్నియు వీరికి తాముండి చదువు ఆశ్రమ పాఠశాల మైదానమునందే లభ్యములు.

2020 మార్చిలో ఆ పాఠశాలలు మూతబడి పిల్లలు ఇండ్లకు చేరిరి. మే 17 నాటి కేంద్ర ఉత్తర్వు క్రీడా ప్రాంగణములను, స్టేడియములను ప్రేక్షకులు లేకుండ తెరువవచ్చునన్నది. స్టేడియమే లేని ఊరికి ఆ వాక్యమువలన ఒరిగిన దేమి? ఆంధ్రప్రదేశమున పాఠశాలలు, అదియును పెద్ద తరగతులకు మాత్రము, నవంబరు 2న గాని తెరువబడలేదు. గాలి ధారాళముగా వీచు మైదానము, ప్రేక్షకులుగా పది మంది తల్లులు, ఒకే వీధిలో పెరిగి ఒకే గెడ్డలో నీళ్ళాడు పిల్లలు: అపాయము ఎక్కడ అత్యల్పమో, నిషేధము అక్కడనే దీర్ఘమైనది.

భయము అకారణమని నేననను. జబ్బు ముదిరిన మనిషిని డోలీ కట్టి కొండ దింపి, ఆటో యెక్కించి, ఆసుపత్రికి చేర్చవలసిన ఊళ్ళలో మహమ్మారి ప్రవేశించినచో కలుగు నష్టము పట్టణమున కలుగు నష్టమువంటిది కాదు. సుంకి ఘాటు కవతల ఒడిశానుండి, ఇవతల సాలూరునుండి జట్లు వచ్చి కలియు పోటీలను ఆపుట న్యాయమే. ఆపకుండుట నేరమై యుండెడిది. ఆ జ్ఞానము కొండవారికి ఎవ్వరును నేర్పలేదు. ఆ రోజులలో ఊరి మొగలందు చెట్టు కొమ్మలు, వెదుళ్ళు అడ్డము వేసి, బయటివారు రాకుండ, తమవారు సంతకు పోకుండ గిరిజన గ్రామములు తమంతట తామే కట్టడి చేసికొన్నవి. తమ దారిని మూసికొనుటకు తగిన వివేకము గలవారికి తమ పిల్లల మైదానమును తెరచుకొనుటకు తగిన వివేకము లేదని ఎవరనగలరు? అయినను ఆ ప్రశ్న వారి నడిగినవారు లేరు.

కావున నా వాదము స్పష్టము. రాబోవు విపత్తునకు ఉత్తర్వులు వ్రాయునప్పుడు ఊరి మైదానమును స్టేడియముతో కలిపి కట్టవలదు. ఒక ఊరి పిల్లలు తమలో తాము ఆడుకొను ఆటకును, ఊరూరు కలిసి ఆడు పోటీకిని వేర్వేరు నియమము లుండవలెను. మొదటిదానిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని సలహాతో గ్రామసభ నిర్ణయింపవలెను; షెడ్యూల్డు ప్రాంతముల గ్రామసభకు తన వ్యవహారములను తాను చూచుకొను అధికారము 1996 నాటి పెసా చట్టమే గుర్తించినది. స్కాట్లండులో దిగువ లీగుల క్లబ్బులు తమ గోడును వినిపించుటకు ఒక సంఘమున్నది, ఓటున్నది. మా పిల్లలకు అట్టిది లేదు. వారి పక్షమున మాటలాడవలసినవారు ఉపాధ్యాయులు, సర్పంచులు, పార్వతీపురములోని గిరిజనాభివృద్ధి సంస్థవారు.

విపత్తు లేని కాలమున చేయవలసినదియు కలదు. 2023 డిసెంబరు 26నుండి రాష్ట్ర ప్రభుత్వము గ్రామ సచివాలయముల స్థాయినుండి నడిపిన ‘ఆడుదాం ఆంధ్ర’ పోటీలలో క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ మాత్రమే ఉన్నవి, ఫుట్‌బాల్ లేదు. గ్రామమునుండి రాష్ట్రము దాక మెట్లు కట్టిన ఏర్పాటును నేను మనసారా మెచ్చుకొందును. అట్టి ఏర్పాటు మరల తలపెట్టినప్పుడు ఆరవ ఆటగా ఫుట్‌బాల్‌ను చేర్చుటకు మన్యమున కొత్త స్టేడియము కట్టనక్కరలేదు. ఆశ్రమ పాఠశాల కొక్కటికి నాలుగు మంచి బంతులు, రెండు వలలు, ఇనుప గోలు స్తంభములు, గెలిచిన పిల్లలు పై పోటీకి సాలూరు పోయి వచ్చుటకు బస్సు చార్జీలు చాలును.