రెండు తీగెలు – ఒక కంప్యూటరు

ఇంటికి రెండు ఇంటర్నెట్టు కనెక్షన్లు పెట్టించి, 50 మెగాబిట్లూ 50 మెగాబిట్లూ కలిస్తే 100 కాదుటండీ అని అడిగేవారున్నారు. కూడిక సరే. కాని తీరా సినిమా దింపుకోబోతే మునుపటి నడకే!

రెండు తీగెలకు తగిలించే మామూలు రూటరు చేసేది కలపడం కాదు, పంచడం. మొదలైన ప్రతి పనినీ ఏదో ఒక తీగెమీదికి తోలుతుంది. తీగెకొక ఐ.పి. చిరునామా ఉంటుంది గనుక, ఒకే సంభాషణ సగం ఒక చిరునామానుంచీ, సగం మరో చిరునామానుంచీ వస్తే అవతలి సర్వరు ఒప్పుకోదు. నలుగురు నాలుగు పనులు చేసుకునే ఇంటికి ఇదీ ఉపకారమే: పిల్లవాడి పాఠం ఒకదానిమీద, అమ్మగారి సీరియలు మరొకదానిమీద. ఒక్కరి ఒక్క పనికి మాత్రం లాభం సున్న.

నిజంగా కలపాలంటే అవతలి కొసన ముక్కలు కుట్టేవాడుండాలి. మల్టీపాత్ టి.సి.పి. పద్ధతి అదే. 2013లో ఆపిల్‌వారు సిరికి వాడారు. 2020లో లినక్సు కెర్నెల్లో చేరింది. లేదా ఒక సర్వరు అద్దెకు తీసుకుని, దాని గుండా అన్నీ పంపాలి. ఖర్చు సరే, మందకొడి తీగెలో ముక్క వచ్చేదాకా చురుకైనది కాచుకోవడమూ ఉంది!

ఉద్యోగపు ఇంటర్వ్యూకి కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయికి కావలసింది వేగంకాదు, మాట తెగకపోవడం. పంచే రూటరైతే తీగె తెగినప్పుడు రెండోదానికి మారుతుంది గాని, ఆమె ఒక్కోసారి మళ్ళీ పిలుపులో చేరవలసివస్తుంది. రెండూ ఒకే స్తంభంమీదుగా వచ్చాయో, లారీ తగిలిననాడు ఆ ఆసరా కూడా ఉండదు. రెండోది సెల్‌ఫోను సిగ్నలైతే నయం.