‘పెండ్లైందా?’ అన్నాక ఇంకో మాట ఉంది

తెలంగాణ వైద్య ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ కమిషనర్ గారికి,



మూత్రంలో మంట అని ఒక ఆడమనిషి ఆస్పత్రికి పోతే మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న ‘పెండ్లైందా?’ అన్నదే. ఎందుకు అడుగుతున్నారో అడిగేవాళ్లకు తెలుసు. అయిందన్నాక చెప్పాల్సిన మాట ఒకటుంది. దాన్ని మాత్రం చెప్పరు. ఆ మాట చెప్పించండని అడగడానికే ఈ ఉత్తరం.

నా పెండ్లి వైశాఖంలో అయింది. మూడో వారంలో మంట మొదలైంది. పావుగంటకోసారి బాత్రూంకు పరుగెత్తడం, తీరా పోతే నాలుగు చుక్కలు, ఆ నాలుగు చుక్కలకే కళ్లలో నీళ్లు తిరిగేవి. ‘ఎండలకు వేడి జేసింది బిడ్డా’ అని మా అత్తమ్మ బార్లీ నీళ్లు కాచింది, సబ్జా గింజలు నానబెట్టింది. ఆమె ప్రేమకు ఏ లోటూ లేదు. తగ్గకపోయేసరికి మా ఆయన మెడికల్ షాపుకు పోయి ‘మంటకు గోళీలు’ అడిగితే, షాపతను కత్తెరతో షీటు కత్తిరించి నాలుగు గోళీలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. రెండింటికే మంట ఆగింది. మిగిలిన రెండూ అల్మారాలో దాచాను. నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది.

అప్పుడు ఆస్పత్రికి పోయాం. గది తలుపు బార్లా తెరిచే ఉంది. నా వెనుక వరుసలో మా ఊరివాళ్లు కూడా ఉన్నారు. ‘పెండ్లైందా? ఎన్ని రోజులైంది?’ అని అడిగి, డాక్టరమ్మ చిన్నగా నవ్వి చీటీ రాసిచ్చింది. ఆ నవ్వుకు అర్థం తెలియడానికి నాకు ఏడేళ్లు పట్టింది. ఈలోగా ఆ మంట ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. ఈ రోగం ఎక్కడిదని ఆయన, ఆయన నుంచే వచ్చిందేమోనని నేను, గోడవైపు తిరిగి పడుకున్న రాత్రులున్నాయి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

ఆ రోజు నాకు చెప్పి ఉండాల్సింది ఇంతే. ఆడవాళ్లలో మూత్రం బయటికి వచ్చే నాళం పొడవు దాదాపు 4 సెంటీమీటర్లు. మగవాళ్లకైతే 20 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. పైగా ఆడవాళ్లలో ఆ నాళం ముఖం యోనికీ మలద్వారానికీ దగ్గర. మన పేగుల్లోనే బతికే ఈ-కొలై అనే బ్యాక్టీరియా ఆ చుట్టుపక్కల చర్మం మీద చేరుతుంది. కలయిక సమయంలో ఒరిపిడికి అది నాళంలోకి, అక్కడి నుంచి మూత్రాశయంలోకి పాకుతుంది. అంతకుమించి ఇందులో దాపరికమేమీ లేదు. ఇది సుఖవ్యాధి కాదు. మామూలుగా భర్తకు మందు అక్కర్లేదు. శుభ్రంగా లేనివాళ్లకే వస్తుందన్నదీ నిజం కాదు. ఆ మాట నమ్మి ఘాటైన సబ్బులతో, యాంటీసెప్టిక్ నీళ్లతో లోపల కడుక్కునేవాళ్లు ఉన్న రక్షణనే పోగొట్టుకుంటున్నారు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1968లో అమెరికాలో క్రైస్తవ సన్యాసినులనూ ఉద్యోగాలు చేసే స్త్రీలనూ పోల్చి చూస్తే, యువ సన్యాసినుల మూత్రంలో బ్యాక్టీరియా తక్కువగా కనిపించింది. 1996లో సియాటిల్ పరిశోధకులు 796 మంది యువతులను ఆరు నెలలు గమనించి, కలయికలు పెరిగినకొద్దీ ఈ ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతోందని తేల్చారు. వైద్య పుస్తకాల్లో దీనికి ‘హనీమూన్ సిస్టైటిస్’ అని పేరే ఉంది. పేరు పెట్టేంత మామూలు సంగతిని కొత్త పెండ్లికూతురికి ఎందుకు చెప్పరు?

చెప్పకపోతే జరిగే నష్టం నా అల్మారాలో ఉంది. సగంలో ఆపిన యాంటీబయాటిక్. మన దేశంలో ఈ-కొలై చాలావరకు సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులకు లొంగడం మానేసింది. మూత్రాశయం దాటని మామూలు ఇన్‌ఫెక్షన్‌కు నైట్రోఫ్యురాంటోయిన్ ఐదు రోజుల కోర్సు ఉంది. అది డాక్టరు రాయాలి, పూర్తిగా వాడాలి. మాటిమాటికీ వస్తుంటే యూరిన్ కల్చర్ చేయించాలి. కలయిక తర్వాతే వస్తోందని తేలితే ఆ పూట ఒక్క మాత్ర వేసుకునే పద్ధతి కూడా ఉంది. నాకు చివరికి పనికొచ్చింది అదే. చలిజ్వరం, నడుముకు ఒక పక్క నొప్పి, వాంతులు తోడైతే కిడ్నీ దాకా పోయిందని అనుమానించి వెంటనే పరుగెత్తాలి. గర్భిణి అయితే మంట లేకపోయినా పరీక్ష చేయించాల్సిందే.

అత్తమ్మ బార్లీ నీళ్లను నేను కొట్టిపారేయను. 2018లో అచ్చయిన ఒక పరిశోధనలో, నీళ్లు తక్కువ తాగే అలవాటుండి ఈ బాధ తరచూ వచ్చే 140 మందిని తీసుకుని, సగం మంది చేత రోజూ లీటరున్నర నీళ్లు ఎక్కువ తాగిస్తే, ఏడాదిలో వాళ్లకు ఇన్‌ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. అయితే మాలాంటి వాళ్లు నీళ్లు తాగనిది దాహం లేక కాదు, బయటికి పోతే బాత్రూం దొరకక. ఇక కలయిక తర్వాత మూత్రానికి పోతే ఇన్‌ఫెక్షన్ ఆగుతుందని పరిశోధనలు గట్టిగా తేల్చలేదు. కానీ ఖర్చు లేదు, నష్టం లేదు, కనుక చెప్పడమే మంచిది.

మీ శాఖే 2023 మార్చి 8న ‘ఆరోగ్య మహిళ’ మొదలుపెట్టింది. మంగళవారాలు ఆడవాళ్ల కోసమని, అందులో మూత్రకోశ సమస్యలకూ చోటిచ్చింది. కాబట్టి నేను కొత్త పథకం అడగడం లేదు. ఆ గది తలుపు మూయించండి. ‘పెండ్లైందా’ అనడానికి బదులు ‘కలయిక తర్వాత వస్తోందా అమ్మా?’ అని నెమ్మదిగా అడగమనండి. పెండ్లికాని పిల్ల వస్తే, ఎదురుగా తల్లి కూర్చుని ఉంటే, ఆ పిల్ల ఏం చెప్పగలదు? తల్లిని కాసేపు బయట కూర్చోబెట్టి, తీర్పు చెప్పే చూపు లేకుండా అదే ప్రశ్న అడగమనండి. ముట్లుడిగిన పెద్దావిడకు మంట వస్తే, హార్మోను తగ్గి అక్కడి పొర పలచబడటం వల్ల కావచ్చని, దానికి పూత మందు ఉందని చెప్పమనండి. ఆమె అనుమతిస్తే భర్తను కూడా లోపలికి పిలవండి. అతనికి తెలియకపోతే ఇంట్లో ఆమె మాట ఎవరు నమ్ముతారు?

మా ఊళ్లో కొత్త కోడలు అడుగుపెట్టిన ఇంటికల్లా ఆశా కార్యకర్త వచ్చి దంపతుల పేర్లు, వయసు రిజిస్టరులో రాసుకుంటుంది. పిల్లల గురించి అడుగుతుంది, వెళ్లిపోతుంది. ఆ రిజిస్టరు మూసేముందు ఈ నాలుగు ముక్కలు ఇద్దరికీ కలిపి చెప్పేలా ఒక ఉత్తర్వు ఇవ్వండి. వచ్చే వైశాఖానికి మా వాడలోనే మూడు పెండ్లిళ్లు కుదిరాయి.

ఇట్లు,
ఒక సర్కారు బడి పంతులమ్మ