ఇంటి తరిమెన

కొయ్యను గిఱ్ఱున త్రిప్పి, దానిపై ఉలి మోపి, గుండ్రని వస్తువులను చేయు యంత్రమునకు మనవారు తరిమెన యని పేరిడిరి. అంగడివారు దీనినే లేతు అందురు. మోటారుతో నడుచు చిన్న తరిమెనలు ఇప్పుడు దొరకుచుండుటచే పలువురు వానిని ఇంట నుంచుకొన గోరుచున్నారు. కోరిక మెచ్చదగినదే. కాని కొనువారు మొదట నడుగునది "మోటారు బలమెంత?" యని. ఈ ప్రశ్నకు అగ్రస్థానము తగదని నా యభిప్రాయము.

యంత్రము బరువెంత, అది యెంత మెల్లగా తిరుగగలదు అని యడుగవలెను. తేలికయైన యంత్రమునకు వంకరమొద్దును బిగించి త్రిప్పినచో యంత్రమే వణకును, ఉలి నిలువదు. వేగమునకు పనివారి లెక్క యొకటి కలదు. కొయ్య వ్యాసమును అంగుళములలో కొలిచి, నిమిషమునకు తిరుగు చుట్లతో గుణింపగా 6,000 మొదలు 9,000 వఱకు వచ్చుట మేలు. 2 అంగుళముల బొంగరమునకు 3,000 చుట్లు చెల్లును. 10 అంగుళముల గిన్నెకు 600 చుట్లే చాలును, ఇంకను గుండ్రపడని మొద్దునకు అంతకంటె తక్కువ. ఆ 10 అంగుళముల మొద్దే 1,000 చుట్లు తిరిగెనా, దాని యంచు గంటకు సుమారు 48 కిలోమీటర్ల వేగమున పరుగిడును. అది పట్టువిడి ముఖమునకు తగిలినచో నేమగునో వేఱ చెప్పనేల?

ఇరుసునకును క్రింది పట్టెకును గల దూరమునకు రెట్టింపు వ్యాసము వఱకే యంత్రమున కొయ్య తిరుగును. పప్పుగుత్తి, అప్పడాలకఱ్ఱ, బొంగరము చేయ నెంచువానికి వ్యాసముకంటె పొడవు ముఖ్యము.

అనకాపల్లి జిల్లాలో వరాహనదీతీరమునగల ఏటికొప్పాక బొమ్మలను చూడుడు. మెత్తని అంకుడుకఱ్ఱను తరిమెన పట్టి, తిరుగుచున్న బొమ్మపై లక్కకడ్డీని ఒత్తుదురు. రాపిడివేడికి లక్క కరగి రంగుగా నంటుకొనును. 2017లో వానికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ నునుపు యంత్రపు పెద్దఱికముచే వచ్చినది కాదు. చేతిచేతను, పదునైన ఉలిచేతను వచ్చినది.

కావున చేతనున్న ధనములో సగమైన ఉలులకును, సానకును, ముఖకవచమునకును మిగుల్చుకొనవలెను. నేనట్లు చేయనైతిని. ఉన్నదంతయు యంత్రమునకే వెచ్చించి, మొండి ఉలితో బలిమిగా నొత్తితిని. ఉలిని ఆనించు దిమ్మను కొయ్యకు దూరముగా నుంచుట మఱియొక తప్పు. ఉలిమొన చిక్కుకొని, పిడి యెగిరి నా కనుబొమను చీల్చెను. ఆ మచ్చ నేటికిని కలదు. దిమ్మకును కొయ్యకును నడుమ ఎనిమిదవవంతు అంగుళముకంటె ఎడముండరాదని పిదప తెలిసికొంటిని.

అంగట చౌకగా దొరకు వస్తువునకు ఇంత శ్రమ యేలయని కొందఱందురు. లెక్కకు వారి మాట నిజమే. అయినను విఱిగిన మంచపుకోటికి సరిపడు జోడు ఏ యంగడిలో దొరకును?

ఇప్పుడు మా యింట మీట నొక్కుటకుముందు చొక్కాచేతులు మడచి, మొద్దును చేతితో నొకసారి త్రిప్పి, దిమ్మకు తగులదని చూతుము. నా కుమార్తె దీనిని నాకంటె శ్రద్ధగా పాటించును. ఆమె చేసిన తొలి పప్పుగుత్తి యొకవైపు లావైనది. నేటికిని వంటయింట దానితోనే పప్పు మెదుపుచున్నారు.