మూడో పిన్ను

మన ఎలక్ట్రానిక్స్ లాబ్‌లో కిటికీ పక్కనున్న ఆసిలోస్కోపు ప్లగ్గుకి రెండే పిన్నులున్నాయి. మూడోది, పైనుండే లావుపాటిది, ఎవరో హాక్‌సా బ్లేడుతో కోసేశారు. ఎవరు కోశారని నేనడగను. ఎందుకు కోశారో నాకు తెలుసు. ఇన్నాళ్ళు దాన్ని అలాగే ఉండనివ్వడం మీదే నా అభ్యంతరం.

ట్రయాక్ ప్రయోగం చేసినవాళ్ళందరికీ ఈ కథ అనుభవమే. ఆ సర్క్యూటు నేరుగా 230 వోల్టుల మెయిన్స్ మీద నడుస్తుంది. ప్రోబు నల్ల క్లిప్పును ఫేజు వైపు కాలికి తగిలించగానే ఠప్పుమని ఫ్యూజు పోతుంది. ఎందుకంటే ఆ క్లిప్పు, స్కోపు పెట్టె రేకు, ప్లగ్గులోని మూడో పిన్నూ లోపల కలిసే ఉంటాయి. ఫేజుని తీసుకెళ్ళి భూమికి కట్టామన్నమాట. పిన్ను కోసేస్తే ఫ్యూజు పోదు, తరంగం చక్కగా కనబడుతుంది, రికార్డు మీద సంతకం పడుతుంది. మరి ఆ ఫేజు ఎక్కడికి పోయిందండీ? స్కోపు పెట్టె మీదే కూర్చుంది! ఒక చెయ్యి ఆ రేకు మీదా, ఇంకో చెయ్యి నీళ్ళ కొళాయి మీదా పడిందా, ఇక తీగ మనమే. ఒంట్లోంచి 100 మిల్లీ ఆంపియర్లు ఒక్క సెకను పోతే ప్రాణం పోవచ్చు. 5 ఆంపియర్ల ఫ్యూజుకి అది చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఆ పిన్నును మిగతా రెండింటికన్నా పొడుగ్గా చేసింది అందం కోసం కాదు. గుచ్చేటప్పుడు అది ముందు తగలాలి, పీకేటప్పుడు ఆఖరున వదలాలి.

నేను వ్యవసాయదారుల ఇంట పుట్టాను. మా మోటారు షెడ్డులో స్టార్టరు పెట్టె ఇనుపది. ఒక ఏడు దాని ఎర్తు తీగ తుప్పుపట్టి తెగింది. మోటారు తిరుగుతోంది కదా అని ఊరుకున్నాం. శ్రావణంలో వానకి నేలంతా తడిసి ఉండగా మా పాడిగేదె వెళ్ళి ఆ స్టాండుకి ఒళ్ళు రుద్దుకుంది. మళ్ళీ లేవలేదు. రోజూ ఆ పెట్టె తలుపు తీసేది మా అమ్మ. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరం ఆ మాట పైకి అనలేదు. మర్నాడే నాన్న గొయ్యి తవ్వించి, బొగ్గూ ఉప్పూ పోసి, జి.ఐ. పైపు దింపించాడు. నాలుగో తరగతితో బడి మానేసిన మనిషి, ఇప్పటికీ వేసవిలో తులసికోటకి పోసినంత శ్రద్ధగా అందులో నీళ్ళు పోస్తాడు. బి.ఎస్సీ. చదువుతున్న మనం పిన్నులు కోస్తున్నాం.

‘మరి కొలవడం ఎలా?’ అని మిత్రులు నిలదీస్తారు. న్యాయమైన ప్రశ్నే. భూమి నుంచి విడదీయవలసింది సర్క్యూటుని, స్కోపుని కాదు. 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు సర్క్యూటు ముందు పెట్టాలి. అది లేకపోతే రెండు 1:10 ప్రోబులు చెరో కొనకీ పెట్టి, నల్ల క్లిప్పులు సర్క్యూటుకి తగిలించకుండా, ఒక ఛానలులోంచి రెండోది తీసివేసి చూడవచ్చు. చాదస్తమే, కాదనను. ప్లగ్గు మార్చినంత మాత్రాన పని అయిపోదు కూడా. గోడ సాకెట్టు వెనక నిజంగా ఎర్తు ఉందో లేదో ఎర్త్ టెస్టరుతో చూపించుకోవాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఇ.ఎల్.సి.బి. ఒకటి బోర్డులో పెట్టించాలి.

వార్షికోత్సవం నాటి సీరియల్ బల్బుల ఖర్చులోంచి కొంత మిగిల్చి ఆ ట్రాన్స్‌ఫార్మరు కొనమని సంఘం కార్యవర్గానికి నా మనవి. మూడు పిన్నుల ప్లగ్గు నేనే కొనుక్కొచ్చాను. బిగించడానికి అనుమతి కోరుతూ కాగితం కూడా ఇచ్చాను. ఈ సంచిక అచ్చయ్యేలోగా జవాబు వస్తుందని ఎదురుచూస్తున్నాను.