మీటప్‌కి వెళ్తే పనవుతుందా?

2023-24లో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రోలలో కలిపి 63 వేలకు పైగా ఉద్యోగులు తగ్గారు. అదే ఊపులో క్యాంపస్ నియామకాలూ నెమ్మదించాయి. దాంతో సీనియర్లందరి నోటా ఒకటే మాట: నెట్‌వర్కింగ్! శనివారం వస్తే రాయదుర్గం, మాదాపూర్, గచ్చిబౌలిలో ఎక్కడో ఒకచోట మీటప్ ఉంటూనే ఉంటుంది. వెళ్లండి. కానీ నాలా మాత్రం వెళ్లకండి.

ఫైనలియర్‌లో రెండు బస్సులు మారి మొదటి మీటప్‌కి వెళ్లా. చివరి వరుసలో మా బ్యాచ్ మధ్యే కూర్చుని, సమోసా తిని, కనిపించిన ఇరవై మందికి లింక్డ్‌ఇన్ రిక్వెస్ట్ పెట్టా. రాత్రికి అందరికీ ఒకటే మెసేజ్: 'సర్, ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి.' ఒక్కరూ జవాబివ్వలేదు. కోపమొచ్చింది. ఇప్పుడు అలాంటివి నాకే వస్తుంటే సంగతి అర్థమవుతోంది. రిఫర్ చేయాలంటే చాలాచోట్ల 'ఈ అభ్యర్థి మీకెలా తెలుసు?' అని అడుగుతారు. సమోసాల దగ్గర చూశానని రాయలేం కదా!

అలాగని పరిచయాలు దండగ కాదు. 2 కోట్ల మంది లింక్డ్‌ఇన్ సభ్యులపై ఐదేళ్లు సాగిన పరిశోధన 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఉద్యోగం మారడానికి ప్రాణస్నేహితుల కన్నా ఓ మోస్తరు పరిచయస్తులే ఎక్కువ ఉపయోగపడ్డారని తేలింది. నిజమే, మీ రూమ్మేట్‌కి తెలిసిన ఓపెనింగ్ చాలావరకు మీకూ తెలిసే ఉంటుంది. అయితే పరిచయం మరీ పలుచనైతే ఆ లాభమూ తగ్గింది. నా ఇరవై రిక్వెస్టులు ఆ బాపతే.

తర్వాత ఓ పైథాన్ మీటప్‌కి ముందురోజే స్పీకర్ గిట్‌హబ్ కోడ్ రన్ చేసి చూశా. విండోస్‌లో ఎర్రర్. బ్రేక్‌లో అదే అడిగితే, 'సరిచేసి పంపు, చూస్తా' అన్నారాయన. నాకు వారం పట్టింది. ఆర్నెల్ల తర్వాత వాళ్ల టీమ్‌లో ఖాళీ వస్తే ఆయనే మెసేజ్ చేశారు. ఇంటర్వ్యూ రౌండ్లేమీ తగ్గలేదు, రెజ్యూమె మాత్రం మనిషి కంటపడింది.

పది మీటప్‌లు తిరిగే బదులు ఒకే గ్రూప్‌కి వరుసగా మూడు నెలలు వెళ్లండి. మాట కలపడానికి బెరుకైతే వాలంటీర్‌గా చేరండి. రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర అందరూ మీతోనే మాట్లాడాలి. మర్నాడే మెసేజ్ పెట్టండి, అందులో ఉద్యోగం ఊసొద్దు, మీరు మాట్లాడుకున్న విషయం ఉంటే చాలు. కమ్యూనిటీ మీటప్‌లు ఎక్కువగా ఉచితమే. 'నెట్‌వర్కింగ్ ఈవెంట్, జాబ్ గ్యారంటీ' అంటూ ఎవరైనా వేలల్లో ఫీజు అడిగితే ఆ డబ్బు బస్ పాస్‌కి ఉంచుకోండి.